ఉక్కు నగరంలో కంచంలోని ఇనుము

ఉదయం ఆరుకు మొదటి షిఫ్టు, మధ్యాహ్నం రెండుకు రెండోది, రాత్రి పదికి మూడోది. ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయ్ ఉక్కు టౌన్‌షిప్‌లో చాలా ఇళ్ల పొయ్యి ఈ మూడు అంకెలను బట్టే వెలుగుతుంది. ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి కర్మాగారంలో పనికి వచ్చి మూడు తరాలుగా ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలకూ ఇదే గడియారం. ఆయన తెల్లవారుజామున ఐదున్నరకు బయల్దేరతారు. పిల్లలకు ఏడింటికి బడి. ఆమెకూ ఉద్యోగం ఉంటే తొమ్మిదికల్లా బయటపడాలి. మధ్యలో వంటకు దొరికేది ముప్పావుగంట.

ఆ ముప్పావుగంటలో తయారయ్యేవి అన్నం, పప్పు, ఒక కూర. చాలా రోజులు పూర్తిగా మొక్కల నుంచి వచ్చిన భోజనమే. మాంసాహారం తినే ఇళ్లలో కూడా వారంలో ఎక్కువ పూటలు ఇలాగే గడుస్తాయి. ఈ భోజనం చవక, తేలిక, ఆరోగ్యకరం. ఒక్కచోట మాత్రం తడబడుతుంది. అది ఇనుము దగ్గర.

2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15-49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి, ఐదేళ్లలోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత ఉంది. ఛత్తీస్‌గఢ్ మహిళల్లో ఇది జాతీయ సగటు కంటే ఎక్కువే. రక్తహీనతకు కారణాలు చాలా ఉన్నా, ఇనుము లోపం వాటిలో ముఖ్యమైనది. మెట్లెక్కితే ఆయాసం, తరగతిలో నిలవని ధ్యాస, సాయంత్రానికల్లా నీరసం దాని లక్షణాలు. గర్భిణులకైతే ప్రాణం మీదికి తెచ్చే సమస్య.

భిలాయ్‌లోని మహామాయ అనే ఎనిమిదో బ్లాస్ట్ ఫర్నేస్‌కు రోజుకు సుమారు 8 వేల టన్నుల ఇనుమును కరిగించే సామర్థ్యం ఉంది. ఒక మనిషి ఒంట్లో ఉండే మొత్తం ఇనుము మూడు నాలుగు గ్రాములు, అంటే ఒక మేకు బరువు. ఆ కాస్తా ఎందుకు అందడం లేదు? వంటకు మరో గంట కేటాయించకుండా దాన్ని అందుకోవచ్చా?

ఉంది, కానీ అందదు

మన ఆహారంలో ఇనుము లేదనుకుంటే పొరపాటే. 100 గ్రాముల మసూర్ పప్పులో సుమారు 7 మిల్లీగ్రాములు, శనగల్లో కూడా ఇంచుమించు అంతే, పెసల్లో 5 మిల్లీగ్రాములకు దగ్గరగా ఉంటుంది. ఇనుము పేరు చెప్పగానే గుర్తొచ్చే పాలకూరలో 3 మిల్లీగ్రాములే. పప్పు గింజలను ఉడికిస్తే నీరు పట్టి బరువు పెరుగుతాయి కాబట్టి గిన్నెడు పప్పులో ఈ అంకెలు ఇంకా తగ్గుతాయి. అయినా మొత్తం మీద అది చెప్పుకోదగ్గ మోతాదే.

చిక్కు వేరేచోట ఉంది. మాంసంలోని ఇనుములో కొంత భాగం 'హీమ్' అనే అణువులో ఇమిడి ఉంటుంది. పేగు దాన్ని తేలిగ్గా లోపలికి తీసుకుంటుంది. మొక్కల్లోని ఇనుముకు ఆ సౌకర్యం లేదు. గింజలు తమ మొలక కోసం భాస్వరాన్ని ఫైటిక్ ఆమ్లం రూపంలో దాచుకుంటాయి. ఆ ఆమ్లం ఇనుమును కూడా గట్టిగా పట్టుకుంటుంది. టీలోనూ కొన్ని ఆకుల్లోనూ ఉండే టానిన్లు, ఇతర పాలీఫినాల్స్‌దీ ఇదే ధోరణి. అలా చిక్కుకున్న ఇనుము పేగులోంచి జారిపోయి బయటికి వెళ్లిపోతుంది.

భారతీయ వైద్య పరిశోధన మండలి 2020లో సవరించిన ప్రమాణాల ప్రకారం వయోజన స్త్రీకి రోజుకు 29, పురుషుడికి 19 మిల్లీగ్రాముల ఇనుము కావాలి. స్త్రీకి 29 ఎందుకు? మన భోజనంలోని ఇనుములో సుమారు 8 శాతమే రక్తంలోకి చేరుతుందన్న అంచనాతో వేసిన లెక్క అది. నిజానికి ఆమె ఒంటికి కావలసింది రెండు మిల్లీగ్రాములకు కాస్త ఎక్కువ. ఆ రెండు చేరాలంటే 29 తినాలి. చేరే శాతాన్ని పెంచగలిగితే అదే కంచం ఎక్కువ పని చేస్తుంది.

కొలిమిలో, పేగులో ఒకటే పని

భిలాయ్ కర్మాగారానికి ముడి ఖనిజం సుమారు 90 కిలోమీటర్ల దూరంలోని దల్లీ-రాజహరా గనుల నుంచి వస్తుంది. ఎర్రటి హెమటైట్ రాయి అది. అందులో ఇనుము ఆక్సిజన్‌తో కలిసి 'ఫెర్రిక్' స్థితిలో ఉంటుంది, అంటే ప్రతి ఇనుము పరమాణువూ మూడు ఎలక్ట్రాన్లను వదులుకున్న స్థితి. బ్లాస్ట్ ఫర్నేస్‌లో కోక్ మండి కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. అది ఖనిజంలోంచి ఆక్సిజన్‌ను లాక్కుని ఇనుముకు ఎలక్ట్రాన్లను తిరిగి ఇస్తుంది. ఈ చర్యే క్షయకరణం. పదో తరగతి రసాయన శాస్త్రంలో చదువుకున్నదే.

మన చిన్నపేగు మొదటి భాగంలో కూడా క్షయకరణమే జరగాలి. మొక్కల నుంచి వచ్చిన ఇనుములో ఎక్కువ భాగం ఫెర్రిక్ స్థితిలోనే ఉంటుంది. పేగు గోడ మీద ఇనుమును లోపలికి దాటించే ప్రోటీన్ మాత్రం రెండు ఎలక్ట్రాన్లు తగ్గిన 'ఫెర్రస్' ఇనుమునే అనుమతిస్తుంది. కాబట్టి ఎవరో ఒకరు ఆ ఒక్క ఎలక్ట్రాన్‌ను అందించాలి. పేగు గోడకు అతుక్కుని ఉండే ఒక ఎంజైమ్ ఆ పని చేస్తుంది. దానికి మంచి సహాయకారి విటమిన్ సి.

విటమిన్ సి తేలిగ్గా ఎలక్ట్రాన్లను వదులుతుంది. అంతేకాక ఇనుముతో తానే జతకట్టి, ఫైటిక్ ఆమ్లం, టానిన్లు దాన్ని ఎగరేసుకుపోకుండా కరిగిన స్థితిలో ఉంచుతుంది. అయితే ఒక షరతు ఉంది. ఆ రెండూ ఒకే పూటలో, ఒకే సమయంలో కడుపులో కలవాలి. పొద్దున తిన్న పప్పుకు సాయంత్రం తాగిన నిమ్మరసం ఏమీ చేయలేదు.

రక్తంలోకి చేరిందని ఎలా తెలుసు?

మనం తిన్న ఇనుములో ఎంత రక్తంలోకి వెళ్లిందో తెలుసుకోవడానికి శాస్త్రవేత్తలు స్థిర ఐసోటోపులను వాడతారు. ప్రకృతిలోని ఇనుములో 57 ద్రవ్యరాశి సంఖ్య గలది సుమారు 2 శాతం, 58 గలది 0.3 శాతంలోపు. ఇవి రేడియోధార్మికం కావు, హాని లేదు. వీటిని భోజనంలో కలిపి పెట్టి, రెండు వారాల తర్వాత రక్తనమూనా తీస్తారు. ఆలోగా ఆ ఇనుము కొత్త ఎర్ర రక్తకణాల్లో కుదురుకుంటుంది. మాస్ స్పెక్ట్రోమీటర్‌తో ఐసోటోపుల నిష్పత్తి కొలిస్తే ఎంత చేరిందో తేలిపోతుంది.

బెంగళూరులోని సెయింట్ జాన్స్ పరిశోధకులు 2008లో ప్రచురించిన అధ్యయనంలో యువతులకు అన్నంతో కూడిన భోజనం పెట్టి ఈ పద్ధతిలోనే పరీక్షించారు. రక్తహీనత లేనివారిలో, భోజనంతోపాటు ఒక కప్పు టీ తాగితే ఇనుము శోషణ దాదాపు సగానికి, రెండు కప్పులు తాగితే మూడో వంతుకు పడిపోయింది. విటమిన్ సి చేర్చినప్పుడు మాత్రం మూడు రెట్లకు మించి పెరిగింది.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 2013లో మరో అడుగు వేశారు. మాత్రలు కాకుండా మామూలు జామపండునే కౌమార వయసు పిల్లల అన్నం భోజనానికి చేర్చారు. ఇనుము శోషణ రెట్టింపుకు పైగా పెరిగింది.

ఒక హెచ్చరిక కూడా చెప్పుకోవాలి. ఒక్క పూట పరీక్షలో కనిపించినంత పెద్ద తేడా, నెలల తరబడి మొత్తం ఆహారాన్ని చూసినప్పుడు కనిపించదు. ఒంట్లో నిల్వలు పెరిగేకొద్దీ పేగు తనంతట తానే తలుపు కొంచెం మూస్తుంది. కాబట్టి నిమ్మకాయ మందు కాదు. ఖర్చు, శ్రమ దాదాపు లేని ఒక మంచి అలవాటు, అంతే.

ఎంత నిమ్మరసం?

ఒక చిన్న లెక్క వేద్దాం. ఒక్కో ఇనుము పరమాణువుకు రెండు విటమిన్ సి అణువులు ఉండాలనుకుందాం. రెంటి బరువులూ లెక్కలోకి తీసుకుంటే, 4 మిల్లీగ్రాముల ఇనుమున్న భోజనానికి సుమారు 25 మిల్లీగ్రాముల విటమిన్ సి కావాలి. 100 గ్రాముల నిమ్మరసంలో ఉండేది 50 మిల్లీగ్రాముల చుట్టూ. అంటే పప్పు మీద నాలుగు చుక్కలు పిండితే చాలదు, ఒక మనిషికి మంచి రసమున్న కాయ ఒకటి దాదాపుగా కావాలి. జామలో అయితే 100 గ్రాములకు 200 మిల్లీగ్రాములకు పైగా ఉంటుంది. పావు జామకాయతో పని పూర్తవుతుంది. ఉసిరి కూడా ఆ కోవలోనిదే.

విటమిన్ సికి వేడి గిట్టదు, గాలి గిట్టదు. పప్పుతోపాటు కుక్కర్‌లో ఉడికిన టమాటాలో చాలా భాగం పోతుంది. నిమ్మరసాన్ని పొయ్యి ఆపాక, వీలైతే కంచంలోనే పిండుకోవాలి. షిఫ్టుకు పట్టుకెళ్లే డబ్బాలో ముందే కలిపేస్తే మధ్యాహ్నానికి కొంత పోతుంది. నిమ్మకాయను విడిగా పెట్టి, తినేటప్పుడు కోసుకుంటే మేలు.

నిద్రపోతున్నప్పుడు జరిగే వంట

విటమిన్ సి ఒక వైపు నుంచి సాయం చేస్తే, రెండో వైపు నుంచి ఫైటిక్ ఆమ్లాన్ని తగ్గించాలి. దీనికి కావలసింది నీళ్లూ కొన్ని గంటలూ మాత్రమే. ఆ గంటల్లో మనం పడుకోవచ్చు.

గింజ తడిసినప్పుడు మొలకెత్తడానికి సిద్ధమవుతుంది. అందులోని ఫైటేజ్ అనే ఎంజైమ్ మేలుకుని ఫైటిక్ ఆమ్లాన్ని విడగొట్టడం మొదలుపెడుతుంది. నానబెట్టిన నీళ్లలోకీ కొంత పోతుంది. మొలకెత్తిస్తే ఈ పని ఇంకా ముందుకు సాగుతుంది, పైగా గింజలో లేని విటమిన్ సి మొలకలో పుడుతుంది.

పొట్టు తీసిన పప్పుకు అరగంట చాలు, శనగలకు రాత్రంతా ఎందుకు? నీరు గింజలోకి వ్యాపించే సమయం దాని మందంతో కాదు, మందం వర్గంతో పెరుగుతుంది. రెట్టింపు మందమున్న గింజకు నాలుగు రెట్ల సమయం కావాలి. పైన పొట్టు కూడా ఉంటే మరింత. కాబట్టి రాత్రి పది గంటలకు గిన్నెలో శనగలో, పెసలో పోసి నీళ్లు పోయడమే రేపటి వంటలో ముఖ్యమైన పని. దానికి పట్టేది రెండు నిమిషాలు.

పొద్దున కుక్కర్ మిగతాది చూసుకుంటుంది. మూత బిగించాక లోపలి పీడనం బయటి వాతావరణానికి దాదాపు రెట్టింపవుతుంది. నీరు 100 డిగ్రీల దగ్గర కాకుండా 120 డిగ్రీల దగ్గర మరుగుతుంది. రసాయన చర్యల వేగం ప్రతి 10 డిగ్రీలకు ఇంచుమించు రెట్టింపవుతుందనే మోటు లెక్క వేసుకున్నా, 20 డిగ్రీలకు నాలుగు రెట్లు. గంట పని పావుగంటలో అవుతుంది. మొదటి విజిల్ వచ్చాక మంట తగ్గించడం మంచిది. ఉష్ణోగ్రతను నిర్ణయించేది పీడనమే కాబట్టి, ఎక్కువ మంటతో గ్యాస్ ఖర్చవుతుందే తప్ప పప్పు త్వరగా ఉడకదు. తొందరలో వంట సోడా వేసే అలవాటుంటే మానుకోవాలి. అది బి1 విటమిన్‌ను పాడుచేస్తుంది.

పులియబెట్టడం మరో దారి. ఇడ్లీ, దోసెల పిండిలో పెరిగే బ్యాక్టీరియా పిండిని ఆమ్లంగా మారుస్తుంది. ఆ ఆమ్లత్వంలో ఫైటిక్ ఆమ్లం బాగా విడిపోతుంది.

చద్దన్నం, బోరే బాసీ

ఈ విషయంలో భిలాయ్ తెలుగువాళ్లకూ, ఇరుగుపొరుగు ఛత్తీస్‌గఢీలకూ ఒక ఉమ్మడి వంటకం ఉంది. మన చద్దన్నం, తరవాణికి ఇక్కడి చుట్టం బోరే బాసీ. అన్నాన్ని అప్పుడే నీళ్లలో వేస్తే బోరే, రాత్రంతా నానితే బాసీ. ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, పచ్చడి నంజుకుని తింటారు. 2022 మే 1న కార్మిక దినోత్సవం సందర్భంగా అప్పటి ముఖ్యమంత్రి భూపేశ్ బఘేల్ అందరూ బోరే బాసీ తినాలని పిలుపునివ్వడంతో ఇది దేశమంతటా వార్తల్లోకి వచ్చింది.

చద్దన్నం గురించి ఫోన్లలో తిరిగే ఒక మాట ఉంది: 100 గ్రాముల అన్నంలో 3.4 మిల్లీగ్రాముల ఇనుము, రాత్రంతా నానితే 73.9 మిల్లీగ్రాములు అవుతుందని. ఇది నమ్మదగ్గది కాదు. బ్యాక్టీరియా విటమిన్లను తయారుచేయగలదు గానీ ఇనుము పరమాణువులను సృష్టించలేదు. ఇనుము ఒక మూలకం. గిన్నెలోకి బయటి నుంచి రానిదే దాని మొత్తం పెరగదు. పులిసినప్పుడు మారగలిగేది ఉన్న ఇనుములో ఒంటికి అందే వాటా మాత్రమే. వేసవిలో చల్లగా, పొయ్యి వెలిగించకుండా దొరికే భోజనంగా చద్దన్నానికి ఎలాగూ విలువ ఉంది. పక్కన గుప్పెడు మొలకలు, ఒక నిమ్మబద్ద ఉంటే ఇంకా మంచిది. మండుటెండల్లో మాత్రం మరీ ఎక్కువసేపు బయట ఉంచితే చెడు సూక్ష్మజీవులు పెరుగుతాయి. వాసన తేడాగా ఉంటే పారేయాలి.

టీ కప్పును గంట జరపండి

మొదటి షిఫ్టు ముగించుకుని రెండున్నరకు ఇంటికొచ్చి, అన్నం తిని, వెంటనే చిక్కటి టీ తాగడం చాలామందికి అలవాటు. ఇనుము దృష్టితో చూస్తే ఇంతకంటే చెడ్డ వేళ లేదు. భోజనం ఇంకా కడుపులోనే ఉండగా టానిన్లు వచ్చి చేరతాయి. జాతీయ పోషకాహార సంస్థ 2024 మేలో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు భోజనానికి గంట ముందు, గంట తర్వాత టీ, కాఫీలు వద్దంటున్నాయి. టీ మానక్కర్లేదు. తినగానే కాసేపు నడుం వాల్చి, లేచాక తాగితే సరి.

ఇనుప మూకుడా, స్టీలు గిన్నెనా?

ఉక్కు నగరంలో ఉంటున్నాం కదా, స్టీలు గిన్నెలో వండితే ఇనుము రాదా అన్న సందేహం సహజం. వంటింటి స్టెయిన్‌లెస్ స్టీలులో కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటుంది. అది గాలితో కలిసి కంటికి కనిపించనంత పలుచని క్రోమియం ఆక్సైడ్ పొరగా మారి లోపలి ఇనుమును కాపలా కాస్తుంది. తుప్పు పట్టకపోవడానికీ, కూరలోకి ఇనుము పెద్దగా దిగకపోవడానికీ కారణం ఒకటే.

పూత లేని ఇనుప మూకుడు సంగతి వేరు. పులుపు తగిలితే ఇనుము కూరలోకి దిగుతుంది. ఇథియోపియాలో ఇనుప పాత్రల్లో వండిన ఆహారం తిన్న పిల్లల్లో, అల్యూమినియం పాత్రల్లో వండినది తిన్న పిల్లల కంటే రక్తహీనత తగ్గినట్టు 1999లో లాన్సెట్ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. ఇక్కడి సంతలో ఎర్ర తోటకూరను లాల్ భాజీ అనీ, గోంగూరను అమారీ భాజీ అనీ అమ్ముతారు. వాటిని ఇనుప మూకుడులో వండి, అవగానే వేరే గిన్నెలోకి తీసేయాలి. అందులోనే వదిలేస్తే కూర నల్లబడి, లోహం రుచి వస్తుంది.

షిఫ్టు వారానికి ఓ ఐదు భోజనాలు

మొదటిది, రాత్రి నానబెట్టిన పెసలతో పెసరట్టు. పులియక్కర్లేదు, పొద్దున రుబ్బి పోసేయడమే. పక్కన పచ్చి ఉల్లి, నిమ్మబద్ద.

రెండోది, కుక్కర్ అడుగున మసూర్ పప్పు, తోటకూర, పై గిన్నెలో బియ్యం. ఒకే మంట మీద రెండూ అవుతాయి. పోపు పెట్టి, నిమ్మరసం కంచంలో.

మూడోది, డబ్బాకు శనగల పులిహోర. నానబెట్టి ఉడికించిన శనగలను అన్నంతో కలిపి చింతపండు పులుసు పోపు వేయడమే. జామకాయ ముక్కలు విడిగా.

నాలుగోది, రాత్రి షిఫ్టు నుంచి వచ్చాక చద్దన్నం, మొలకలు, ఉసిరికాయ పచ్చడి.

ఐదోది, ఆదివారం రుబ్బిన పిండితో ఇడ్లీ, మునగాకు కలిపిన సాంబారు. చలికాలంలో పిండి పొంగడానికి ఎక్కువ సమయం కావాలి కాబట్టి ముందురోజు సాయంత్రమే రుబ్బుకోవాలి.

అన్నం, పప్పు కలిసి తినడంలో మరో లాభం ఉంది. బియ్యం ప్రోటీన్‌లో లైసిన్ తక్కువ, పప్పుల్లో అది పుష్కలం. పప్పుల్లో మెథియోనిన్ తక్కువ, ఆ లోటును బియ్యం తీరుస్తుంది.

కంచంతో తీరనివి

మొక్కల్లో బి12 విటమిన్ దొరకదు. పాలు, పెరుగు తీసుకునే ఇళ్లలో కొంత అందుతుంది. అవి కూడా మానేసినవారు వైద్యుల సలహాతో బి12 తీసుకోవడం తప్పనిసరి. దాని లోపంతో కూడా రక్తహీనత వస్తుంది, నరాలు దెబ్బతింటాయి.

ఛత్తీస్‌గఢ్‌లో గుర్తుంచుకోవలసింది మరొకటి ఉంది. ఇక్కడ సికిల్ సెల్ వ్యాధి ఎక్కువగా కనిపిస్తుంది. 2023 జులైలో మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ పరిధిలో ఈ రాష్ట్రం కూడా ఉంది. అది జన్యువుల వల్ల వచ్చే రక్తహీనత, ఇనుముతో నయమయ్యేది కాదు. కాబట్టి నీరసంగా ఉందని సొంతంగా ఇనుము మాత్రలు మింగకుండా ముందు రక్తపరీక్ష చేయించుకోవాలి. లోపం ఉందని తేలితే, నిమ్మకాయ మీద భారం వేయకుండా డాక్టరు రాసిన మందు పూర్తిగా వాడాలి. గర్భిణులకు, ఎదిగే ఆడపిల్లలకు ఇది మరీ ముఖ్యం.

ఇవి పోగా మిగిలినది మన చేతిలోదే. రాత్రి పడుకునే ముందు గుప్పెడు గింజలు నానబెట్టడం, తినేటప్పుడు నిమ్మకాయ పిండుకోవడం, టీని గంట వెనక్కి జరపడం. మూడింటికీ కలిపి ఐదు నిమిషాలు కూడా పట్టదు. ఈ రాత్రి పది గంటల షిఫ్టుకు ఇంట్లోంచి ఎవరైనా బయల్దేరుతుంటే, తలుపు వేసి వచ్చాక శనగల డబ్బా ఒకసారి తీయండి.